పేపర్ మీద పేరున్నవాళ్ళే జవాబు చెప్పాలి

(భీమవరంలో పరిశోధక విద్యార్థులు, అధ్యాపకుల ముందు ఒక విశ్రాంత జువాలజీ ప్రొఫెసర్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర సభలో వచ్చిన ప్రశ్నలు, వాటికి ఆవిడ చెప్పిన జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవాళ్ళు ఫోన్‌లో ఒకే మాట అన్నారు. "మేడమ్, పేపర్ రాయడానికి ఏఐ వాడొచ్చా వాడకూడదా, అది తేల్చి చెప్పండి, పిల్లలు హడలిపోతున్నారు" అని. వాడొచ్చండి. ముందే చెప్పేస్తున్నాను కాబట్టి టెన్షన్ పక్కన పెట్టి వినండి. పెద్ద ప్రచురణ సంస్థలు దాన్ని పూర్తిగా వద్దనడం లేదు. దేనికి వాడారో చెప్పమంటున్నాయి, కొన్ని పనులకు మాత్రం ముట్టుకోవద్దంటున్నాయి, ఏం జరిగినా జవాబు మీరే చెప్పాలంటున్నాయి. ఈ మూడోది అర్థమైతే మిగతా నిబంధనలన్నీ ఎందుకు పెట్టారో దానంతట అదే తెలుస్తుంది. నేను ఇవాళ ముఖ్యంగా దాని గురించే మాట్లాడతాను.

మనం కూర్చున్న ఈ భీమవరంలో 1895లో యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో ఒక పేపర్ వేశారు. ఫాస్ఫరస్‌ని నీలం రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి అది. బయోకెమిస్ట్రీ చదివినవాళ్ళకి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటే వేరే చెప్పక్కర్లేదు, ప్రాక్టికల్స్‌లో చేసే ఉంటారు. వందేళ్ళుగా ఎక్కడెక్కడి ల్యాబుల్లోనో ఆ పద్ధతిని చేసి చూశారు, మార్చుకున్నారు, తప్పులు వెతికారు. అది నిలబడింది. పేపర్ మీద రెండు పేర్లున్నాయి. మోలిబ్డేట్ ఎంత పోశారు, రంగు రావడానికి ఎంతసేపు ఆగారు, ఆ అంకె ఎలా వచ్చింది అని ఎవరైనా ఉత్తరం రాస్తే చెప్పడానికి ఇద్దరు మనుషులున్నారు. పేపర్ మీద పేరు ఉండడమంటే అదీ. గౌరవం సరే, దాని వెంట ఈ పూచీ కూడా వస్తుంది.

ఇప్పుడు కాలక్రమం ఒకసారి చూద్దాం, తొందరగానే. చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న జనంలోకి వచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి దాన్ని సహ రచయితగా పెట్టిన పేపర్లు కనబడ్డాయి. నర్సింగ్ విద్యకు సంబంధించిన ఒక పత్రికలో అలాగే వచ్చింది, తర్వాత సవరించారు. 2023 జనవరిలో నేచర్ పత్రిక రెండు నిబంధనలు ప్రకటించింది. ఇలాంటి టూల్‌ని రచయితగా ఒప్పుకోం, వాడితే ఆ సంగతి పద్ధతుల భాగంలోనో కృతజ్ఞతల్లోనో రాయాలి. అదే నెలలో సైన్స్ పత్రిక ఇంకా గట్టిగా, అసలు ఆ టూల్ రాసిన వాక్యమే ఉండకూడదంది. ఆ నవంబర్‌కి మెత్తబడింది, వివరంగా చెప్పి వాడుకోవచ్చని మార్చింది. 2023 ఫిబ్రవరిలోనే ప్రచురణ నైతికతకు సంబంధించిన అంతర్జాతీయ కమిటీ, అదే కోప్, ఏఐ రచయిత కాలేదని ప్రకటన చేసింది. కారణాలు కూడా చెప్పింది. అది బాధ్యత తీసుకోలేదు, తనకు స్వప్రయోజనాలు ఉన్నాయో లేవో చెప్పలేదు, కాపీరైట్ పత్రం మీద సంతకం పెట్టలేదు. 2023 మే నెలలో వైద్య పత్రికల సంపాదకుల కమిటీ, ఐసీఎంజేఈ, తన సిఫారసుల్లో ఇదే చేర్చింది. పేపర్ పంపేటప్పుడు కవర్ లెటర్‌లోనూ చెప్పాలి, పేపర్‌లోనూ చెప్పాలి. రాతలో సాయం తీసుకుంటే కృతజ్ఞతల్లో, డేటా విశ్లేషణకో బొమ్మలకో వాడితే పద్ధతుల్లో రాయాలి.

ఇంజనీరింగ్ వాళ్ళు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం ఐఈఈఈ వాళ్ళు కృతజ్ఞతల విభాగంలో రాయమంటారు. ప్రచురణ సంస్థల్లో ఎల్సెవియర్ వాళ్ళు రిఫరెన్సుల జాబితాకి ముందు ఒక విడి ప్రకటన పెట్టమంటారు. స్ప్రింగర్ నేచర్ వాళ్ళు భాష దిద్దుకోవడం వరకే అయితే చెప్పనక్కర్లేదన్నారు. చూశారా, ఒకరికొకరికి తేడా ఉంది. అందుకని పక్కవాడు ఏం చేశాడో చూసి చేయకండి. మీరు పంపే పత్రిక వెబ్‌సైట్‌లో రచయితలకు సూచనలు అనే పేజీ ఉంటుంది, పంపే రోజున అది తెరిచి చదవండి. పోయినేడు చదివింది పనికిరాదు, ఇవి మారుతూ ఉంటాయి.

సరే, ఇక అసలు సంగతికి వద్దాం. మన పిల్లలు ఏఐ దేనికి వాడుతున్నారు? నేను చూసినంతవరకు, ఇంగ్లీషు కోసం. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, ఉండి నుంచో మొగల్తూరు నుంచో బస్సెక్కి వచ్చి, ఎమ్మెస్సీ చేసి, పరిశోధనలో చేరిన పిల్లలు. చెరువు గట్టు మీద నిలబడి వాళ్ళు చెప్పే విషయం వింటే ముచ్చటేస్తుంది. అదే విషయం ఇంగ్లీషులో రాయమంటే చెయ్యి ఆగిపోతుంది. ఇన్నాళ్ళూ డబ్బున్నవాళ్ళు ఎడిటింగ్ సర్వీసులకి కట్టి దిద్దించుకున్నారు, లేనివాళ్ళు "భాష బాగోలేదు" అన్న ఒక్క మాటతో తిరుగుటపాలో వెనక్కి తెచ్చుకున్నారు. ఆ గోడ ఇప్పుడు కొంచెం తగ్గింది. నాకు సంతోషమే. వాళ్ళు ఏఐ వాడుకుంటుంటే తప్పుపట్టే మనసు నాకు లేదు.

కానీ దిద్దడంలో ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. ఒక విద్యార్థి నాకు రెండు పేజీలు తెచ్చి చూపించాడు. ఒకటి తను రాసుకున్నది, రెండోది ఏఐ దిద్ది ఇచ్చింది. వనామీ రొయ్యల చెరువుల మీద పని అతనిది. రాత్రంతా నీటిలో నాచు కూడా ప్రాణవాయువు పీల్చుకుంటుంది కదా, అందుకని తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ప్రాణవాయువు, అట్టడుగుకి వస్తుంది. ఆ వేళకి లేచి వెళ్ళి, మీటర్ నీళ్ళలో ముంచి, పుస్తకంలో అంకెలు రాసుకున్నాడు. అతని సొంత ఇంగ్లీషు గతుకులుగానే ఉంది గానీ దాని సారాంశం ఇది: "రైతులు చెప్పిన ప్రకారం, తెల్లవారుజామున డీఓ తక్కువగా ఉన్న చెరువుల్లో రొయ్యలు ఎక్కువ చనిపోయినట్టు కనిపించింది." దిద్దిన పేజీలో ఆ వాక్యం చక్కగా, నున్నగా ఉంది. దాని సారాంశం: "డీఓ తగ్గడం రొయ్యల మరణాలకు కారణమని ఈ అధ్యయనం నిరూపించింది."

ఇందులో ఎన్ని పోయాయో లెక్కపెట్టండి. "రైతులు చెప్పిన ప్రకారం" పోయింది. అంటే చచ్చిన రొయ్యల్ని అతను లెక్కపెట్టలేదు, చెరువులో దించే చెక్ ట్రేలో ఎన్ని కనబడ్డాయో చూసి రైతు వేసిన అంచనా అది. ఆ సంగతి చదివేవాడికి ఇక తెలీదు. "కనిపించింది" పోయి "నిరూపించింది" వచ్చింది. ఆ చెరువుల్లో తెల్లమచ్చ వైరస్‌కి పీసీఆర్ పరీక్ష చేయించలేదు. రొయ్యలు దానివల్ల చచ్చాయేమో ఎవరికి తెలుసు? ప్రచురణకి ముందు పేపర్ని పరిశీలించే రీవ్యూయర్ ఒకరు "తెల్లమచ్చ లేదని ఎలా తేల్చారు?" అని అడిగితే ఈ అబ్బాయి దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అతను ఆ మాట అననే లేదు. అతని పేరుతో ఇంకెవరో అన్నారు.

వ్యాకరణం దిద్దమంటే వాదన కూడా దిద్దేస్తుంది, అదండీ దీంతో చిక్కు. ఎందుకలా? ఇంతవరకు చదివిన కోట్ల వాక్యాల్లో ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో, దాన్ని బట్టి తర్వాతి మాట వేసుకుంటూ పోతుంది. పేపర్ల ముగింపుల్లో ధీమాగా చెప్పిన వాక్యాలు కొల్లలు కాబట్టి, మీ వాక్యాన్ని కూడా అటే లాగుతుంది. చెరువు అది చూడలేదు. చూసింది మీరు. అందుకని దిద్దించుకున్న ప్రతి వాక్యాన్నీ మీ పాత వాక్యం పక్కన పెట్టుకుని చదవండి. ముఖ్యంగా "సుమారు", "కొన్ని", "అనిపిస్తోంది", "మా నమూనాలో" లాంటి మాటలు ఉన్నాయా ఎగిరిపోయాయా చూసుకోండి. సైన్స్‌లో నిజాయితీ అంతా ఆ చిన్న మాటల్లోనే ఉంటుంది.

రిఫరెన్సుల సంగతి. ఇది మీ అందరికీ ఈపాటికి తెలుసు, అయినా పేపర్లలో వస్తూనే ఉంది. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు, ఖరీఫ్‌లో వరి వేయకుండా పొలాలు ఖాళీగా వదిలేశారు. దాని మీద పని చేస్తున్న ఒకమ్మాయి ఏఐని పాత పరిశోధనల జాబితా అడిగింది. బ్రహ్మాండంగా ఇచ్చింది. రచయితల పేర్లు మన పేర్లలాగే ఉన్నాయి, పత్రిక పేరు నిజంగా ఉన్న పత్రికదే, సంవత్సరం సరిపోయేలా ఉంది, సంపుటం, పేజీల అంకెలు కూడా ఉన్నాయి. ఆ పత్రిక సంచిక తీసి చూస్తే ఆ పేజీల్లో వేరే వ్యాసం ఉంది. ఆ రచయితలు అలాంటిది రాయనే లేదు. రిఫరెన్స్ ఎలా ఉంటుందో దానికి తెలుసు, ఆ రిఫరెన్స్ ఉందో లేదో తెలీదు. న్యూయార్క్‌లో 2023లో ఇద్దరు లాయర్లు ఇలాంటి లేని తీర్పుల్ని కోర్టుకి సమర్పించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. మన దగ్గర జరిమానా ఉండకపోవచ్చు గానీ, లేని పేపర్ని చదివానని చెప్పడం అబద్ధమే కదా. కాబట్టి ప్రతి పేపర్‌కీ విడిగా ఉండే డీఓఐ నంబర్ కొట్టి పేజీ తెరవండి, పేపర్ దింపుకోండి, మీరు వాడుకున్న మాట అందులో ఉందో లేదో చూడండి. మన దేశపు థీసిస్ అయితే, థీసిస్‌లు ఆన్‌లైన్‌లో పెట్టే శోధ్‌గంగలో వెతకండి. తెరిచి చదవనిది జాబితాలో పెట్టకండి.

ఇక శాతాల గొడవ. "మేడమ్, సిమిలారిటీ 10 శాతం లోపే వచ్చింది" అంటారు, ఏదో పరీక్ష పాసైనట్టు. యూజీసీ 2018 నిబంధనల్లో ఆ మెట్లు ఉన్నాయి నిజమే. 10 శాతం దాకా శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా అయితే ఆరు నెలల్లోపు మార్చి తేవాలి, 40 నుంచి 60 అయితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. అయితే ఆ సాఫ్ట్‌వేర్ చూసేది ఇతరుల వాక్యాలతో మీ వాక్యాలు ఎంత కలిశాయన్నది. ఏఐ ప్రతిసారీ కొత్త వాక్యం అల్లుతుంది కాబట్టి, మీరు ఒక్క ముక్క కూడా రాయకపోయినా ఆ శాతం తక్కువే రావచ్చు. దాన్ని చూపించి "నా పని నేనే చేశాను" అని చెప్పుకోలేరు.

ఆ శాతం తగ్గించడానికి మాటలు మార్చే టూల్స్ వాడేవాళ్ళు ఇంకో గుంటలో పడ్డారు. గియోమ్ కబానాక్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త, ఇంకో ఇద్దరు కలిసి 2021లో ఇలాంటి వాటిని ఏరి బయటపెట్టారు. బ్రెస్ట్ క్యాన్సర్ అనవలసిన చోట బూజమ్ పెరిల్, అంటే రొమ్ము గండం అనీ, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనవలసిన చోట కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్, అంటే నకిలీ స్పృహ అనీ ఉన్న పేపర్లు. అవి ప్రచురణ కూడా అయిపోయాయి. ఆ పేపర్లలో వైద్యానికి పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటే దాన్ని ఇంకెవరు నమ్ముతారు చెప్పండి? 2023లో హిందావి అనే ప్రచురణ సంస్థ ఒక్కటే 8,000కు పైగా పేపర్లు వెనక్కి తీసుకుంది. మన దేశపు పేర్లు అలాంటి జాబితాల్లో తరచూ కనబడుతున్నాయి, అది నాకు నిజంగా బాధ.

శాతాల్లోనే రెండోది, "ఇది ఇంత శాతం ఏఐ రాసింది" అని చెప్పే డిటెక్టర్లు. ఇక్కడ గైడ్‌లు, కమిటీల్లో కూర్చునేవాళ్ళు నా మాట కాస్త శ్రద్ధగా వినాలని కోరుతున్నాను. సిమిలారిటీ రిపోర్టులో కనీసం పక్కన మూలం చూపిస్తారు, మీరు తెరిచి పోల్చుకోవచ్చు. డిటెక్టర్ చూపించేది ఏమీ లేదు, అది ఒక ఊహ. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ కంపెనీయే సొంతంగా ఒక డిటెక్టర్ పెట్టి, సరిగా పనిచేయడం లేదని 2023 జులైలో ఎత్తేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్ పరీక్షకి రాసిన 91 వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లకి ఇచ్చి చూశారు. సగటున సగానికి పైగా వ్యాసాల్ని ఏఐ రాసిందని అవి తప్పుగా చెప్పాయి. కారణం తేలికే. పరాయి భాషలో రాసేవాళ్ళు తెలిసిన మాటలే వాడతారు, చిన్న వాక్యాలే రాస్తారు, వచ్చిన కట్టే మళ్ళీ మళ్ళీ వాడతారు. డిటెక్టర్ కూడా సరిగ్గా అలాంటి రాతనే యంత్రం రాతనుకుంటుంది.

మన పిల్లల ఇంగ్లీషు అదే కదండీ. నాకు తెలిసిన ఒకబ్బాయి థీసిస్‌ని ఒక చోట ఇలాగే ఆపేశారు. ఏ చోటో చెప్పను. ఒక అధ్యాయం సగానికి పైగా ఏఐ రాసిందని రిపోర్టు వచ్చిందట. ఆ అధ్యాయం అతను లాంగ్ నోట్ పుస్తకంలో పెన్నుతో రాస్తుంటే నేను చూశాను, కొట్టివేతలతో సహా. అతను కమిటీ ముందు నిలబడి "నేనే రాశానండి" అంటే, "మరి రిపోర్టు ఇలా ఎందుకు వచ్చింది?" అని అడిగారు. ఆ ప్రశ్నకి ఆ కుర్రాడు ఏం చెప్పగలడు? డిటెక్టర్ లోపల ఏం జరిగిందో అతనికేం తెలుసు? చివరికి ఆ నోట్ పుస్తకాలు, కంప్యూటర్‌లో తేదీలవారీగా ఉన్న డ్రాఫ్టులు పట్టుకెళ్ళి చూపిస్తే వదిలారు. ఈలోగా నెలలు పోయాయి, ఇంట్లో అమ్మానాన్నలకి చెప్పుకోలేక కుమిలిపోయాడు. కమిటీలో పెద్దల్ని చేతులు జోడించి అడుగుతున్నాను. అనుమానం ఉంటే విద్యార్థిని కూర్చోబెట్టి ఆ అధ్యాయం మీద అరగంట ప్రశ్నలు వేయండి. చెరువు గట్టు మీద కాలు పెట్టినవాడెవడో, పెట్టనివాడెవడో పది నిమిషాల్లో తెలిసిపోతుంది మీకు. ఆ పని ఒక శాతం అంకెకి అప్పగించకండి.

పిల్లలకి నేను చెప్పేది, డ్రాఫ్టులు పారేయకండి. తేదీ వేసి దాచండి. ఏఐని ఏం అడిగారో, అది ఏమిచ్చిందో కాపీ చేసి ఒక ఫైల్‌లో పెట్టుకోండి.

బొమ్మల దగ్గర నిబంధన చాలా గట్టిది. ఏఐతో బొమ్మ తయారుచేయడానికి, మార్చడానికి ఎల్సెవియర్ సాధారణంగా ఒప్పుకోదు. ఎందుకో 2024 ఫిబ్రవరిలో అందరికీ తెలిసొచ్చింది. కణజీవశాస్త్రానికి చెందిన ఒక ఫ్రాంటియర్స్ పత్రికలో, మిడ్‌జర్నీ అనే బొమ్మలు గీసే ఏఐతో గీయించిన ఎలుక బొమ్మ వచ్చింది. ఏ ఎలుకకీ లేని అవయవాలు, అర్థం లేని అక్షరాలతో లేబుళ్ళు. కొద్దిరోజుల్లోనే పేపర్ వెనక్కి తీసుకున్నారు. గమనించండి, మిడ్‌జర్నీ వాడామని ఆ రచయితలు పేపర్‌లో చెప్పారు. చెప్పడం ఒక్కటే చాలదు, చెప్పాక అది సరైనదో కాదో కూడా మీరే చూడాలి. ఆ తర్వాతి నెలలో బ్యాటరీల మీద ఇంకో పేపర్ బయటపడింది. దాని మొదటి వాక్యమే "సర్టెన్లీ, హియర్ ఈజ్ ఎ పాసిబుల్ ఇంట్రడక్షన్ ఫర్ యువర్ టాపిక్", అంటే "తప్పకుండా, మీ అంశానికి ఒక పరిచయం ఇదిగో" అని చాట్‌బాట్ చెప్పే మాట. రచయితలు, రీవ్యూయర్లు, ఎడిటర్, ప్రూఫ్ చూసినవాళ్ళు, ఇంతమంది చేతుల మీదుగా వెళ్ళింది. మొదటి వాక్యం ఒక్కరూ చదవలేదు.

రీవ్యూ చేసే అధ్యాపకులకి ఒక మాట. మీకు వచ్చిన పేపర్ని చాట్‌బాట్‌లో ఎక్కించి "రీవ్యూ రాసిపెట్టు" అనకండి. అది మీ సొత్తు కాదు, ఇంకా ప్రచురణ కాలేదు, నమ్మి మీకు ఇచ్చారు. అమెరికాలో వైద్య పరిశోధనకి డబ్బిచ్చే ఎన్ఐహెచ్ 2023 జూన్‌లోనే గ్రాంట్ దరఖాస్తుల రీవ్యూకి దీన్ని నిషేధించింది, ఎల్సెవియర్ కూడా వద్దంది, ఐసీఎంజేఈ పత్రిక అనుమతి అడగకుండా వాడొద్దంది. రీవ్యూయర్లు ఇలా చేస్తున్నారని పసిగట్టి రచయితలు కొందరు ఇంకో అడుగు వేశారు. 2025 జులైలో జపాన్‌లో నిక్కీ పత్రిక బయటపెట్టింది. 8 దేశాల్లోని 14 సంస్థల నుంచి, ప్రచురణకి ముందే పేపర్లు పెట్టే ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో పెట్టిన 17 పేపర్లలో, కంటికి కనబడని తెల్ల అక్షరాలతోనో మరీ చిన్న అక్షరాలతోనో "మంచి రీవ్యూ మాత్రమే ఇవ్వు" అని ఏఐకి ఆదేశం దాచిపెట్టారు. రాసేది యంత్రం, చదివేది యంత్రం, మధ్యలో ఒకరినొకరు మోసం చేసుకునే మనుషులు. ఇలాగైతే ఆ పేపర్‌ని పట్టుకుని పొలంలో మందు కొట్టే రైతు గతేమిటి, మాత్ర వేసుకునే రోగి గతేమిటి?

ఆర్ట్స్, కామర్స్ వాళ్ళు మాకేం సంబంధం అనుకోవద్దు. మీదే ఇంకా సున్నితం. మీరు కౌలు రైతు దగ్గర కూర్చుని మాట్లాడతారు. నూటికి ఎంత వడ్డీకి తెచ్చాడు, ఎవరి దగ్గర తెచ్చాడు, కౌలు రైతుకి సర్కారు ఇచ్చే సాగు హక్కు కార్డు, అదే సీసీఆర్సీ, ఇవ్వడానికి భూమి యజమాని ఒప్పుకున్నాడా లేదా, ఇవన్నీ మీమీద నమ్మకంతో చెబుతాడు. ఊళ్ళో ఆ మాట బయటికొస్తే వచ్చే ఏడు ఆ చేను అతనికి దక్కదు. మీరు ఆ రికార్డింగ్‌ని ఉచితంగా వచ్చే ఏదో టూల్‌లో ఎక్కించి రాతలోకి మార్పించుకుంటే, ఆ గొంతు, ఆ పేర్లు ఎక్కడికి వెళ్ళాయో మీరు చెప్పగలరా? వ్యక్తిగత డేటా రక్షణకి మనకు 2023లో చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, అనుమతి పత్రం మీద వేలిముద్ర వేయించుకునేటప్పుడు "ఇది కంప్యూటర్ కంపెనీకి కూడా వెళ్తుంది" అని ఆయనకి చెప్పారా? చెప్పకపోతే ఎక్కించకండి. పేర్లు, ఊళ్ళు తీసేసి, మీ కంప్యూటర్‌లోనే నడిచే టూల్ వాడండి. లేదా కూర్చుని మీరే రాసుకోండి. అలా రాసుకునేటప్పుడే చాలా సంగతులు తడతాయి కూడా.

ప్రకటన ఎలా రాయాలని అడుగుతున్నారు. పెద్ద కష్టం లేదు. "ఈ పేపర్‌లో ఇంగ్లీషు వాక్యాల్ని సరిచేయడానికి ఫలానా టూల్, ఫలానా వెర్షన్, ఫలానా నెలలో వాడాం. డేటా సేకరణకు, విశ్లేషణకు, బొమ్మలకు వాడలేదు. అది ఇచ్చిన ప్రతి వాక్యాన్నీ మేం పరిశీలించి మార్చుకున్నాం. ఈ పేపర్‌లోని విషయానికి పూర్తి బాధ్యత మాది." విశ్లేషణకి కోడ్ రాయించుకుంటే ఆ సంగతి పద్ధతుల్లో రాసి, కోడ్ జతచేయండి. ఇలా రాస్తే పేపర్ తిప్పికొడతారేమో అని భయపడి దాస్తున్నారు కొందరు. భాష దిద్దుకున్నామని చెప్పినందుకు పేపర్ తిప్పికొట్టమని నేను చెప్పిన ఏ నిబంధనలోనూ లేదు. దాచి దొరికితే మాత్రం మిగతా పేపర్‌ని కూడా నమ్మరు.

ప్రశ్నలు అడగండి.

(వెనక వరుసలోంచి ఒక విద్యార్థిని: "మేడమ్, గైడ్ గారే 'చాట్‌జీపీటీలో వేసి రేపటికి పేపర్ తెచ్చేయ్' అంటే ఏం చేయాలండి?")

కూర్చోమ్మా. ఇది అడగడానికి ధైర్యం కావాలి. నువ్వు ఎదురు తిరగాలని నేను చెప్పను, నీ డిగ్రీ ఆయన సంతకం మీద ఉంది, నాకు తెలుసు. ఒక పని చెయ్యి. డ్రాఫ్ట్ పంపేటప్పుడు మెయిల్‌లోనే రాయి. "సర్, ఫలానా భాగాల్లో టూల్ వాడాను, పత్రిక నిబంధన ప్రకారం ఈ ప్రకటన చేర్చాను, చూసి సరేనంటే పంపుతాను" అని. ఆ పత్రిక నిబంధన లింకు కూడా పెట్టు. ఆయన పేరు కూడా పేపర్ మీద ఉంటుంది కదా, రేపు వెనక్కి తీసుకుంటే ఆయన పేరు కూడా వస్తుంది. అది కళ్ళబడితే చాలామంది ఆగి ఆలోచిస్తారు. ముందు వరుసలో కూర్చున్న గైడ్‌లకి నేను విడిగా చెప్పక్కర్లేదు, విన్నారు.

(ఒక తెలుగు అధ్యాపకుడు: "మా తెలుగు పరిశోధన పత్రికల్లో చాలావాటికి ఇలాంటి నిబంధనలే లేవండి. మేమేం చేయాలి?")

లేకపోతే మీరే పెట్టుకోండి మాస్టారూ. మీకు ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. తెలుగు పద్యం అడిగితే ఈ టూల్స్ కల్పించి ఇస్తాయి. నన్నయ పద్యమని నాకు ఒకరు చూపించారు. రెండో పాదంలో గణాలు తప్పాయి, యతి లేదు. ఛందస్సు వచ్చినవాళ్ళు పట్టేస్తారు. రానివాళ్ళు థీసిస్‌లో ఎక్కించేస్తారు, ఆ థీసిస్ శోధ్‌గంగలోకి వెళ్తుంది, అక్కడి నుంచి ఇంకొకరు తీసుకుంటారు, ఇంకో పదేళ్ళకి అది నన్నయదే అయిపోతుంది. మన రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. అక్కడికి వెళ్ళి భారతం ముద్రిత ప్రతి తీసి, పర్వం, ఆశ్వాసం, పద్యం సంఖ్యతో సహా చూసుకున్నాకే రాయాలని మీ పత్రిక మొదటి నిబంధనగా పెట్టండి. ప్రకటన సంగతి రెండోది.

(ఒక పరిశోధక విద్యార్థి: "నేను పేపర్ మొత్తం తెలుగులో రాసుకుని, ఏఐతో ఇంగ్లీషులోకి మార్పించుకోవచ్చాండి?")

మార్పించుకో నాయనా. ఆలోచన నీది, అంకెలు నీవి, తెలుగులో తడుముకోకుండా వస్తుందంటే అలాగే రాయి. అనువాదానికి టూల్ వాడానని ప్రకటనలో స్పష్టంగా చెప్పు, ఆ తెలుగు ప్రతిని తేదీతో దాచు, ఎడిటర్ అడిగితే పంపడానికి ఉంటుంది. తర్వాత ఆ ఇంగ్లీషు ప్రతిని ఒక్కో వాక్యం చదివి, తెలుగులో నువ్వన్నదే ఉందో లేదో చూడు. అర్థం కాని ఇంగ్లీషు వాక్యం ఒక్కటి కూడా ఉంచకు. నీకు తెలిసిన తేలిక మాటల్లోకి మార్చు, అందంగా లేకపోయినా ఫర్వాలేదు. మీ డిపార్ట్‌మెంట్‌లో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళని ఒకసారి చదివి పెట్టమని అడుగు. వాళ్ళు చదివితే కృతజ్ఞతల్లో వాళ్ళ పేరు రాయడం మర్చిపోకు.